కడలిలో విడుచువారు, కడలిని కొలుచువారు
అణుశక్తి నియంత్రణ మండలి అధ్యక్షులవారికి బహిరంగ లేఖ

మహాశయా,

శ్రీకాకుళము జిల్లా రణస్థలము మండలములోని కొవ్వాడ తీరమున, ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల శక్తిగల ఆరు అణు రియాక్టర్లను అమెరికా దేశపు వెస్టింగ్‌హౌస్ సంస్థ సహకారముతో నిర్మింప సంకల్పించిన సంగతి దేశమెరిగినదే. ఆ సంకల్పము మంచిదా, కాదా యను వివాదమును ఈ లేఖలో నేను ఎత్తుకొనుట లేదు. విద్యుత్తు వలయుననువారి వాదమును, ఊళ్ళు విడువజాలమనువారి వేదనయు ఏండ్ల తరబడి వేర్వేరు వేదికలపై వినవచ్చుచునే యున్నవి. నేను మీ యెదుట నుంచగోరునది వానికంటె చిన్నదిగా కనబడు ప్రశ్న. కాని ఆ కేంద్రము వెలసినచో, దాని ఆయుష్షు ముగిసిన పిమ్మటకూడ నిలిచియుండు ప్రశ్న. అణుకేంద్రమునుండి సముద్రములో కలియు రేడియోధార్మిక పదార్థములను కొలుచువారెవరు? ఎప్పటినుండి కొలుతురు? కొలిచిన లెక్కను ఎవరికి, ఏ భాషలో చెప్పుదురు? విడుచు చేయియు కొలుచు చేయియు ఒక్కటే కారాదనియు, తొలి కాంక్రీటు పోయకమునుపే కొలత మొదలు కావలెననియు, ఆ లెక్క ఒడ్డున వల లాగువాని చేతికి తెలుగులో అందవలెననియు నా విన్నపము. ప్రజల భద్రతకై 1983 నవంబరు 15న ఏర్పడిన మండలికి అధ్యక్షులు గనుక దీనిని వినదగినవారు మీరే.

మొదట ఒక సత్యమును అందరమును ఒప్పుకొనుట మేలు. ప్రమాదమేమియు లేక సక్రమముగా నడచు అణుకేంద్రముకూడ, అనుమతి పొందిన మేరకు, కొంత రేడియోధార్మికతను నీటిలోనికి విడుచును. కొవ్వాడకు తలపెట్టిన తరహా రియాక్టరులో, ఇంధనమును చల్లబరచు నీటియందు కలిపిన బోరానును, లిథియమును న్యూట్రానులు తాకుటచేత ట్రిటియము పుట్టును. అది హైడ్రోజనులో ఒక భేదము. నీటి అణువులోనే భాగమై పోవును గనుక సాధారణమైన వడపోతలకు లొంగదు. పలుచన చేసి విడుచుటయే నేడు లోకమంతట వాడుకలోనున్న పద్ధతి. సీసియము, కోబాల్టు, స్ట్రాన్షియము మొదలగువానిని వడపోతలచేతను అయాన్ మార్పిడి రెజిన్లచేతను చాలవరకు పట్టియుంచగా, మిగిలిన లేశము నీటివెంట వెళ్ళును. ఈ విడుదలలకు పరిమితులున్నవి. సామాన్య ప్రజలలో ఏ యొక్కరికిని వీనివలన ఏటా ఒక మిల్లీసీవర్టుకు మించిన మోతాదు కలుగరాదను నియమమున్నది. ఈ నియమములను నేను ఆక్షేపించుట లేదు. అవి పాటింపబడుచున్నవని ప్రజలకు తెలియు మార్గమును అడుగుచున్నాను.

సముద్రము స్వభావముచేతనే రేడియోధార్మికమని చెప్పుటయు న్యాయమే. ఒక లీటరు సముద్రజలములో సహజమైన పొటాషియము-40 వలన సుమారు 12 బెకరెళ్ళు, అనగా సెకనుకు పండ్రెండు పరమాణు విచ్ఛేదములు, ఎల్లవేళల జరుగుచునే యుండును. ఆ పదార్థమువలననే నిండుమనిషి దేహమందు సుమారు 4,000 బెకరెళ్ళున్నవి. చేపలు, రొయ్యలు విరివిగా తినువారికి పొలోనియము-210 అను సహజ పదార్థమునుండి వచ్చు మోతాదు, చక్కగా నడచు విద్యుత్కేంద్రమువలన వచ్చుదానికంటె సాధారణముగా అధికము. భీమునిపట్నము మొదలు శ్రీకూర్మము, కళింగపట్నము, భావనపాడు వరకు మన ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో థోరియమును మోయు మోనజైటు పలుచోట్ల కలదు. 1950–60లలో అగ్రరాజ్యములు ఆకాశమున పేల్చిన బాంబుల సీసియము నేటికిని ప్రపంచ సముద్రములన్నిటను లేశముగా నున్నది. ఇవన్నియు కేంద్రమును సమర్థించుటకు చెప్పుమాటలు కావు. తొలికొలత యేల వలయునో చెప్పుమాటలు. నేటి కొవ్వాడ ఇసుకలో, బురదలో, నెత్తళ్ళలో, పీతలలో ఏమి యున్నదో నేడే కొలిచి భద్రపరచనిచో, నలువది యేండ్ల తరువాత ఒక పీతలో సీసియము కనబడినప్పుడు అది కేంద్రమునుండి వచ్చినదని ఒకరును, పాత బాంబులనుండి వచ్చినదని మరియొకరును వాదింతురు. తీర్పు చెప్పుటకు సాక్షి యుండదు.

ఇట్టి విషయములలో ఊహకంటె చరిత్రయే మంచి గురువు. సముద్రములోనికి రేడియోధార్మిక విడుదలలను దీర్ఘకాలము కొలిచిన అనుభవము మనకు బ్రిటను దేశపు వాయవ్యతీరమున, ఐరిష్ సముద్రపుటొడ్డుననున్న సెల్లాఫీల్డులో దొరకును. 1981 వరకు దానిని విండ్‌స్కేల్ అనుచుండిరి. అది కొవ్వాడలో తలపెట్టినట్టి విద్యుత్కేంద్రము మాత్రమే కాదు; వాడిన ఇంధనమును ఆమ్లములో కరగించి ప్లూటోనియమును, యురేనియమును వేరుచేసిన కర్మాగారము. కావున దాని విడుదలలు విద్యుత్కేంద్రపు విడుదలలకు ఎన్నో రెట్లు. ఆ అంకెలను కొవ్వాడకు అంటగట్టి ప్రజలను భయపెట్టుట అన్యాయము. అచ్చటినుండి నేను తీసికొనునది అంకెలను కాదు, కొలతయొక్క నీతిని.

1950ల ఆరంభమున ఆ కర్మాగారపు ద్రవవ్యర్థములు, తీరమునుండి రెండు కిలోమీటర్లకు పైగా లోపలికి సాగిన గొట్టముద్వారా, సముద్రములో పడసాగెను. 1958లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ అణుసమావేశమున, బ్రిటిష్ అణుశక్తి సంస్థకు చెందిన ఆరోగ్యరక్షణ నిపుణుడు జాన్ డన్‌స్టర్, తొలి యేండ్ల విడుదలలు కొంతవరకు బుద్ధిపూర్వకమైన శాస్త్రీయ ప్రయోగమనియు, సముద్రమున వాని సంచారమును తెలిసికొనదగినంత పరిమాణమును కోరియే విడిచితిమనియు దాపరికము లేక చెప్పెను. శాస్త్రజ్ఞుని నిష్కాపట్యము మెచ్చదగినదే. కాని ప్రయోగశాలగా మారినది ఇతరులు చేపలు పట్టుకొని బ్రతుకు సముద్రము.

ఐనను ఆ దేశపు మత్స్యశాఖ శాస్త్రజ్ఞులు నేర్పిన పాఠమొకటి నేటికిని శిరోధార్యమైనది. లోస్టాఫ్ట్ నగరములోని మత్స్యపరిశోధనాలయమువారు నీటిని కొలిచి ఊరకొనక, ఆ నీటిలోనిది ఏ దారిని పోయి ఎవరి కంచములో పడుచున్నదని వెదకిరి. విండ్‌స్కేల్ నెలకొన్న కంబర్లాండు తీరపు రాళ్ళపై పోర్ఫైరా అను ఊదారంగు నాచు పెరుగును. దానిని ఏరువారు అచ్చటివారు. తినువారు మాత్రము దూరమందలి దక్షిణ వేల్సు ప్రాంతమువారు. వేల్సువారు ఆ నాచును గంటలకొలది ఉడికించి, నల్లని ముద్దగా చేసి, ఓట్సు పిండిలో పొరలించి, కొవ్వులో వేయించి ఉదయపు ఫలహారముగా తిందురు. లేవర్ బ్రెడ్ అని దాని పేరు. ఆ నాచు సముద్రజలములోని రుథీనియము-106ను తనలోనికి గాఢముగా లాగికొనును. కనుక విండ్‌స్కేల్ గొట్టమువలన అధికమైన మోతాదు పొందగలవాడు గొట్టము ప్రక్కన కాపురముండువాడు కాడనియు, ఆ గొట్టము పేరైనను వినియుండని దూరదేశపు భోక్త యనియు తేలెను. విడుదల పరిమితులను ఆ తినువారి ఆహారపరిమాణమునుబట్టియే లెక్కించిరి. 1970ల తొలినాళ్ళలో ఆ తీరమున నాచు సేకరణ నిలిచిపోగా, శాస్త్రజ్ఞుల దృష్టి చేపలను, నత్తలను, చిప్పలను తినువారివైపు మరలెను. ఎవరు ఏమి తిందురు, ఎంత తిందురు, ఏ బురదలో ఎన్ని గంటలు నిలుతురు అని ఇల్లిల్లు తిరిగి తెలిసికొను ఈ అలవాటుల సర్వేయే సముద్రపు కొలతలన్నిటికిని పునాది. నీరు చెప్పని సంగతిని కంచము చెప్పును.

తరువాతి కథ గంభీరమైనది. 1970లలో వాడిన ఇంధనపు కడ్డీలు నీటి కొలనులలో చాలకాలము నిలువయుండి, పైతొడుగు తుప్పుపట్టి, లోపలి సీసియము కొలనినీటిలోనికిని, అటనుండి సముద్రములోనికిని పోయెను. 1975వ సంవత్సరమున ఒక్క సీసియము-137 విడుదలయే సుమారు 5,200 టెరాబెకరెళ్ళు. టెరాబెకరెలు అనగా లక్ష కోట్ల బెకరెళ్ళు. 1985లో ఆ నీటిని శుద్ధిచేయు అయాన్ మార్పిడి కేంద్రము నడక సాగించిన పిమ్మట, ఆ దశాబ్దము ముగియులోపల ఆ విడుదల శిఖరములో నూరవ వంతుకన్న తక్కువకు దిగెను. విడుదలను తగ్గించుట సాధ్యమని ఈ దిగుదల చాటుచున్నది. అంతకుమించి, ఏటేట ప్రకటింపబడు అంకె ఒకటి ప్రజల కండ్లయెదుట లేనిచో తగ్గింపుమని అడుగువాడే యుండడని కూడ బోధించుచున్నది.

1983 నవంబరులో మరియొక పాఠము వచ్చెను. కర్మాగారములోని తొట్టెలనుండి రేడియోధార్మికమైన ద్రావకమును తెట్టెయు గొట్టముగుండ సముద్రములోనికి పోయెను. ఆ దినములలో గొట్టపు కొన యొద్ద నమూనాలు తీయబోయిన గ్రీన్‌పీస్ వారి పడవ కలుషితమగుటచే విషయము రచ్చకెక్కెను. సమీపపు సముద్రతీరమును వాడుకొనవద్దని ప్రభుత్వము ప్రజలను హెచ్చరించెను. 1985లో న్యాయస్థానము ఆ సంస్థను దోషిగా నిర్ణయించి 10,000 పౌన్ల జరిమానా విధించెను. ఆ మొత్తము అల్పము, పాఠము అనల్పము. నియమముల ననుసరించి నెలకొకమారు తీయు నమూనాలు ఎన్నియున్నను, పిలువని వేళకు వచ్చి ముంచి చూచు వెలుపలి చేయి ఒకటి యుండవలెను.

ఒక సమస్యను తీర్చబోవ మరియొకటి తలయెత్తుటయు అచ్చటనే చూడనగును. నిలువయున్న పాత వ్యర్థద్రవములలోని ప్లూటోనియమును తొలగించుటకు 1994లో నెలకొల్పిన క్రొత్త శుద్ధికేంద్రము, ఆ పని చక్కగా నెరవేర్చెనే కాని టెక్నీషియము-99ను పట్టజాలకపోయెను. 1995లో దాని విడుదల సుమారు 190 టెరాబెకరెళ్ళకు పెరిగెను. దాని అర్ధాయువు రెండు లక్షల యేండ్లకు పైబడినది. అది ఐరిష్ సముద్రపు లాబ్‌స్టర్లలో పేరుకొనెను. ప్రవాహములవెంట సాగి కొద్ది యేండ్లలోనే నార్వే తీరపు నాచులలో కనబడెను. నార్వేవారు తమ తీరమున తామే కొలిచియుండిరి గనుకనే, ఆ కొలతలను చేత పట్టుకొని అడుగగలిగిరి. చివరకు 2004 నాటికి టెక్నీషియమును ఘనరూపమున అవక్షేపించు రసాయనపద్ధతి అమలునకు వచ్చెను. తమ కొలత లేనివారికి తమ వాదము లేదు.

ఇక సముద్రము అన్నిటిని మోసికొనిపోయి మాయము చేయునను నమ్మకము. ట్రిటియము, సీసియమువంటివి చాలవరకు నీటివెంట పోవును. ప్లూటోనియము, అమెరీషియము మాత్రము సన్నని బురదకు అంటుకొని గొట్టమునకు చేరువనే పడకవేయును. గడచిన తరమువారు విడిచిన ప్లూటోనియము-241 పదునాలుగేండ్ల అర్ధాయువుతో క్రమముగా అమెరీషియము-241గా మారుచున్నది. అనగా విడుదల తగ్గిన తరువాతకూడ బురదలో అమెరీషియము కొంతకాలము పెరుగుచునే యుండును. తుపానులు ఆ బురదను కెలకి మరల ఒడ్డునకు చేర్చును. కనుక కొలత అనునది విడుదలతో మొదలై విడుదలతో ముగియు పని కాదు. కేంద్రము మూతపడిన తరువాతికాలపు కొలతకు కావలసిన ధనమును, బాధ్యతను నేడే నిర్ణయింపవలెను.

ఈ అనుభవములనుండి ఐరోపావారు కొన్ని వ్యవస్థలను నిర్మించుకొనిరి. ఈశాన్య అట్లాంటికు సముద్రరక్షణకై ఏర్పడిన ఒస్పార్ ఒడంబడిక దేశములు 1998లో పోర్చుగలులోని సింత్రా పట్టణమున సమావేశమై, 2020 నాటికి విడుదలలవలన సముద్రమున అదనముగా చేరు కృత్రిమ రేడియోధార్మికతను దాదాపు శూన్యమునకు దించవలెనని సంకల్పించెను. బ్రిటనులో కర్మాగారమువారు తమ కొలతలను తాము కొలుచుకొందురు. అవిగాక, పర్యావరణ సంస్థలును ఆహారప్రమాణ సంస్థలును వేరుగా నమూనాలు తీయించి, 1995 నాటి ఫలితములు మొదలుకొని, ఆహారమందును పర్యావరణమందును రేడియోధార్మికతను గూర్చిన ఉమ్మడి నివేదికను ఏటేట ప్రకటించుచున్నవి. ఏ తీరమున ఏ చేపలో ఎంత యున్నదో, అధికముగా తినువారికి ఎంత మోతాదు వచ్చునో అందు పట్టికలుగా దొరకును. ఎదురుగట్టుననున్న ఐర్లండువారు తమ కొలతలు తాము కొలుచుకొందురు. 2001 డిసెంబరులో అంతర్జాతీయ సముద్రన్యాయ ధర్మాసనము, సెల్లాఫీల్డు వ్యవహారమున ఐర్లండు, బ్రిటను దేశములు పరస్పరము సహకరించి సమాచారమును ఇచ్చిపుచ్చుకొనవలెనని ఆదేశించెను.

ఇటీవలి ఉదాహరణము జపానుది. 2011 ప్రమాదమునకు గురియైన ఫుకుషిమా దయీచి కేంద్రమున తొట్లలో నిలువచేసి శుద్ధిచేసిన నీటిని 2023 ఆగస్టు 24 నుండి పసిఫికు సముద్రములోనికి విడుచుచున్నారు. లీటరునకు 1,500 బెకరెళ్ళ ట్రిటియమునకు లోబడునట్లు పలుచన చేయవలెననియు, ఏడాదికి 22 టెరాబెకరెళ్ళు దాటరాదనియు వారు పరిమితి విధించుకొనిరి. ఆ పరిమితి కఠినమైనదే. తాగునీటిలో ట్రిటియమునకు ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన ప్రమాణము లీటరునకు 10,000 బెకరెళ్ళు. అయినను పొరుగుదేశములు జపాను మాటను మాత్రమే నమ్మలేదు. చైనా జపాను చేపలను నిషేధించెను. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆధ్వర్యమున ఒకే నమూనాను పలుదేశముల ప్రయోగశాలలు వేర్వేరుగా కొలిచి ఫలితములను సరిపోల్చుకొను పద్ధతిని నడపవలసివచ్చెను. మేము కొలిచితిమి, భయము లేదు అని విడుచువాడు చెప్పిన మాట, అది నిజమే ఐనను, నమ్మకమును పుట్టింపజాలదు. ఇతరులు కొలిచి ఔనన్న మాటయే పుట్టించును.

మన దేశమున కొలతలు లేవని నేననుట లేదు. 1969 నుండి అరబ్బీ సముద్రతీరమున తారాపురమును, 1980ల నడుమనుండి బంగాళాఖాతపుటొడ్డున కల్పాక్కమును, 2013 నుండి మన్నారు సింధుశాఖ దరి కూడంకుళమును విద్యుత్తు నిచ్చుచున్నవి. ప్రతి కేంద్రము చెంతను భాభా అణుపరిశోధన కేంద్రమువారి పర్యావరణ సర్వే ప్రయోగశాల కలదు. అందు పనిచేయువారి నైపుణ్యమునందుగాని నిజాయితీయందుగాని నాకు సందేహము లేదు. కాని కేంద్రమును నడపు న్యూక్లియర్ పవర్ కార్పొరేషను అణుశక్తి విభాగపు బిడ్డయే. కొలుచు ప్రయోగశాలయు ఆ విభాగపు బిడ్డయే. మీ మండలికి చట్టబద్ధమైన స్వతంత్రత చాలదని 2012లో కాగ్ తన నివేదికలో పార్లమెంటునకు తెలిపియున్నది. ఏ చట్టము వచ్చినను, స్వతంత్రత గెజెట్టు అక్షరములలో ఉండుట ఒకటి, కొవ్వాడ ఒడ్డున కనబడుట వేరొకటి. నేనడుగునది రెండవది.

ఇప్పుడు ఆ ఒడ్డును కొంచెము దగ్గరగా చూతము. తూర్పుతీరపు వేటనిషేధము జూన్ 14తో ముగియగానే పడవలు కడలిలోనికి దిగును. ఒడ్డునకు చేరువగా దొరకు చిరుచేపలలో నెత్తళ్ళు ముఖ్యమైనవి. పచ్చివి అమ్ముడుపోగా మిగిలినవానిని ఆడువారు ఇసుకమీద పరచి ఎండబెట్టుదురు. ఇంట వండునప్పుడు తల గిల్లివేసి, ముల్లు తీయకయే, వంకాయతోనో చింతపులుసులోనో వేసి తిందురు. ఈ వంట తెలియని శాస్త్రజ్ఞుడు ఒక పెద్ద వంజరపు కండను కోసి, గామా కిరణములను కొలిచి, సీసియము లేదని వ్రాసికొని వెళ్ళవచ్చును. స్ట్రాన్షియము-90 కాల్షియమునకు రసాయనికముగా చుట్టము. అది కండలో కాక ముల్లులో నిలుచును. గామా కిరణములను వెలువరింపదు గనుక ఆ యంత్రమునకు కనబడదు. దానిని పట్టవలెనన్నచో నెత్తళ్ళను ముల్లుతోసహా ఎండించి, కొలిమిలో బూడిదచేసి, ఆమ్లములో కరగించి, స్ట్రాన్షియమును రసాయనపద్ధతిని వేరుచేసి, దానినుండి ఇట్రియము-90 పుట్టువరకు రెండు వారములు వేచి లెక్కింపవలెను. మరియు ఎండిన చేపలో నీరు ఇగిరి బరువు తగ్గును గనుక, కిలో ఎండుచేపలోని పదార్థము కిలో పచ్చిచేపలోనిదానికి కొన్ని రెట్లుండును. వేల్సువారి నాచు విండ్‌స్కేల్ శాస్త్రమును ఎట్లు మలచినదో, మన నెత్తళ్ళు కొవ్వాడ శాస్త్రమును అట్లే మలచవలెను. ఒడ్డున ఉప్పుచేప మోయు స్త్రీని అడుగక వ్రాసిన ఆహారపట్టిక కొవ్వాడకు పనికిరాదు.

ప్రవాహముల సంగతియు అట్టిదే. మన తూర్పుతీరపు నీరు ఫిబ్రవరి మొదలు మే వరకు ఉత్తరముగాను, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు దక్షిణముగాను పారును. కావున కొవ్వాడలో కలిసిన నీరు వేసవిలో కళింగపట్నము దెసకును, శీతకాలపు తొలినాళ్ళలో భీమిలి, విశాఖపట్నముల దెసకును నడచును. ఒక్క దిక్కున, ఒక్క ఋతువున తీసిన నమూనాలు సగము సత్యమునే చెప్పును. ఈ ప్రవాహములను అధ్యయనము చేయుటలో ఆంధ్ర విశ్వవిద్యాలయము 1950లనుండి పేరుగన్నది. విశాఖపట్నమున జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు ప్రాంతీయ కేంద్రమును, హైదరాబాదున సముద్రసమాచార కేంద్రమును ఉన్నవి. స్వతంత్రమైన రెండవ చేతికై మనము విదేశములకు పరుగిడనక్కర లేదు.

అంకెలను బయటపెట్టినచో చేపల ధర పడిపోవునని, అమాయకులు బెదరుదురని కొందరు పెద్దలు చెప్పుదురు. వారి సద్బుద్ధిని శంకింపను. వారి నిర్ణయము మాత్రము తలక్రిందులైనది. జాలరికి ముప్పు అంకెవలన రాదు, పుకారువలన వచ్చును. కేంద్రములో ఏదో జరిగినదట యను మాట రణస్థలము సంతలో పుట్టిన సాయంకాలమునకే శ్రీకాకుళము బజారులో కొవ్వాడ చేపను ముట్టువాడుండడు. ఆనాడు గడచిన ఇరువదేండ్ల కొలతల పట్టిక గ్రామసచివాలయపు గోడమీద ఉన్నచో, బేరగాని యెదుట నిలిచి మాటాడుటకు ఆ జాలరికి ఆధారముండును. లేనిచో ప్రమాణములు చేయుట తప్ప గతి యుండదు. ప్రకటితమైన లెక్క కేంద్రమునకు శత్రువు కాదు; నిజాయితీగా నడచు కేంద్రమునకు అదియే రక్ష.

కావున నా విన్నపములను క్రమముగా నివేదించుచున్నాను. మొదటిది: కొవ్వాడకు నిర్మాణానుమతి నిచ్చుటకు ముందు, తక్కువలో తక్కువ మూడు పూర్తి సంవత్సరములు, అన్ని ఋతువులయందును, భీమిలినుండి కళింగపట్నము వరకు నీరు, ఇసుక, బురద, నాచు, చేప, రొయ్య, పీత, ఆలిచిప్ప, ఎండుచేప వీనిని కొలిపించి, ఆ తొలికొలతను ప్రకటింపుడు, నమూనాలలో ఒక భాగమును భవిష్యత్తు పరీక్షలకై ముద్రవేసి భద్రపరపుడు. రెండవది: అణుశక్తి విభాగమునకు చెందని ఒక విశ్వవిద్యాలయమునకో, సముద్రవిజ్ఞాన సంస్థకో సమాంతరముగా కొలుచు అధికారమును, ముందు తెలుపకయే నమూనా తీయు హక్కును, దానికి కావలసిన ధనమును ఇండు, ఆ ధనమును ఆపు అధికారము కేంద్రమును నడపువారికి ఉండరాదు. మూడవది: ఇల్లిల్లు తిరుగు ఆహారపుటలవాటుల సర్వేను ఐదేండ్లకొకమారు, స్త్రీలను ముందుగా అడిగి, జరిపింపుడు. నాలుగవది: ప్రతి విడుదలను పదార్థము వారీగా, బెకరెళ్ళలో, నెలనెల ప్రకటింపుడు; పరిమితికి లోబడియున్నది అను ఒక్కమాటతో ముగింపకుడు. ఏదైన పదార్థము కనబడలేదని వ్రాసినప్పుడు, ఎంతకంటె తక్కువైనచో ఆ పద్ధతికి కనబడదో ఆ హద్దును కూడ వ్రాయింపుడు. హద్దు చెప్పని లేమి లేమి కాదు. ఐదవది: ఈ లెక్కలన్నిటిని తెలుగులో, సహజముగా ఉన్నదానితో పోల్చి చూపుచు, తీరగ్రామముల సచివాలయములందును పాఠశాలలందును ఉంచి, ఏడాదికొకమారు గ్రామసభలో చదివి వినిపించి, ప్రశ్నలకు సమాధానము చెప్పు శాస్త్రజ్ఞుని పంపుడు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. వీనిలో ప్రతిదియు లోకమున ఎక్కడనో ఒకచోట అమలులోనున్నదే, లేక మన చేతనున్న సాధనములతో చేయదగినదే. వెయ్యిన్ని రెండువందల మెగావాట్ల యంత్రములారింటికి వెచ్చింపబోవు ధనముతో పోల్చినచో దీనికగు వ్యయము లెక్కింపదగినది కాదు. ఇతరదేశములు ఈ జాగ్రత్తలను కష్టములు పడిన పిమ్మట నేర్చికొనెను. మనము ఇంకను ఒక్క గొట్టమునైనను కొవ్వాడ సముద్రములో దింపలేదు. నేర్చికొనుటకు ఇంత అనువైన కాలము మరల రాదు.

విడుచు పరిమితిని నిర్ణయించు అధికారము మీకు చట్టమిచ్చినది; ఆ సముద్రమును నమ్ముకొని బ్రతుకుటకు వలయు ధైర్యమును మాత్రము ఒడ్డువారికి మీరే ఇయ్యవలెను. కనుక, మహాశయా, కొవ్వాడ దస్త్రముపై మీ సంతకము పడుటకు ముందే, తొలికొలత పట్టికను తెలుగులో అచ్చువేయించి ఆ గ్రామములవారి చేత నుంచుడని మిక్కిలి వినయముతోను, అంతకంటె మిక్కిలి ఆవశ్యకతతోను ప్రార్థించుచున్నాను.

ఇట్లు
విధేయుడు,
తూర్పుతీరపు తెలుగు పౌరుడొకడు